పిలుపు పేరు

సోమవారం పొద్దున నూరుద్దీన్ సైకిలుకు తాళం వేసి ఆఫీసు మెట్లెక్కుతుంటే, వరండాలో ఒక ముసలామె గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. వెన్ను వంగిపోయింది. మెడ తిరగదు కాబట్టి మనిషిని చూడాలంటే నడుం మొత్తం తిప్పాలి. నల్లగొండలో నీళ్లు పరీక్ష చేసే ఆఫీసుకు ఇలాంటి వాళ్లు రావడం వింతేమీ కాదు. తాగే నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో మనుషులు ఇలాగే అవుతారు. పదకొండేళ్ల నౌకరీలో నూరుద్దీన్ ఇలాంటి వెన్నులను ఎన్ని చూశాడో. మొదటి ఏడాది కళ్లు తిప్పుకొనేవాడు. ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు. చూస్తాడు, దాటిపోతాడు. తనకేమీ అనిపించడం లేదని తెలుసు, అది మంచిది కాదనీ తెలుసు. తెలిసినంత మాత్రాన అనిపిస్తుందా?

"సారూ, లిస్టు చేసే సారు నువ్వేనా?" అందామె.

"ఏం లిస్టు అవ్వా?"

"అవ్వ అనకు. నాకు నలభై ఐదేండ్లు. నీకన్న చిన్నదాన్నే కావచ్చు."

నూరుద్దీన్ ఆగాడు. అతనికి నలభై తొమ్మిది. అప్పుడు చూశాడు ఆమె జుట్టును. నున్నగా నూనె రాసి దువ్విన ముడిలో ఒక్క తెల్లవెంట్రుక లేదు. ముసలితనమంతా ఎముకల్లోనే ఉంది.

ఆమె పేరు సాలమ్మ. రామన్నపేట దగ్గర ఎర్రబావి నుంచి మొదటి బస్సుకు వచ్చింది. మంచినీళ్ల పైపులైను వేసే ఊళ్ల లిస్టు రామన్నపేటలో గోడకు అంటించారట. నలభై ఊళ్లు. చదువు వచ్చిన పిల్లతో పైనుంచి కిందికి రెండుసార్లు చదివించుకుందట. ఎర్రబావి లేదు.

"కాగితాల్ల మీ ఊరి పేరు ముర్తుజాపురం అని ఉంటది. అది చూసిండ్రా?"

"గదీ చూసినం. లేదు. ఎండకాలం మీ గాలయ్య సారొచ్చి బోరింగు నీళ్లు సీసల పట్టుకపోయిండు. మళ్లొచ్చినప్పుడు అడిగితే ఏడున్నర దాక ఉన్నదన్నడు. ఏడున్నరంటే ఏందో నాకు తెల్వది. గాలయ్య సారు మొగం జూస్తే తెలిసింది."

నూరుద్దీన్ చెప్పులు గడప బయట విడిచి మిషన్ గదిలోకి వెళ్లాడు. ఆఫీసు మొత్తానికి పరదాలు, కూలరు ఉన్నది ఆ గదికే. మనుషులకు ఉక్కపోసినా ఫరవాలేదు, మిషన్‌కు పోయకూడదు. యూనిక్స్ మీద నడిచే పెద్ద కంప్యూటరు జిల్లాలో అదొక్కటే. ఆఫీసరు నుంచి అటెండరు దాకా అందరూ దానికి భయపడతారు, దాని ముందు కూర్చునే నూరుద్దీన్‌కు కూడా కాస్త భయపడతారు. అతను ఎర్రబావి అని కొట్టాడు. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. ముర్తుజాపురం. ఫ్లోరైడు ఒకటి పాయింటు రెండు. తాగవచ్చు.

జిల్లాలో ఇలా చాలా ఊళ్లకు రెండు పేర్లు. ఒకటి రికార్డు పేరు. ఏ కాలంలోనో ఏ జాగీర్దారో తన పేరు మీద పెట్టుకున్నది, పహాణీల్లోనూ సర్కారు కాగితాల్లోనూ అదే ఉంటుంది. రెండోది పిలుపు పేరు. బస్సు కండక్టరుకూ చుట్టపక్కాలకూ తెలిసింది అదే. పల్లెలకు పోయి నీళ్లు పట్టుకొచ్చే వాళ్లు సీసా మీద ఒకసారి ఆ పేరు, ఒకసారి ఈ పేరు రాసుకొస్తారు. దాంతో ఒకే ఊరు మిషన్‌లో రెండు ఊళ్లయి కూర్చునేది. ఆ గందరగోళానికి మందు కనిపెట్టింది నూరుద్దీనే. హైదరాబాదులో నెల రోజుల ట్రైనింగులో నేర్చుకొచ్చిన విద్య అది. ఫైలు ఒకటే ఉంటుంది, రికార్డు పేరు మీద. పిలుపు పేరు మీద ఒక లింకు పెడతారు. లింకులో సొంత సరుకేమీ ఉండదు, అసలు ఫైలు ఎక్కడుందో చూపడమే దాని పని. ఒకే ఇంటికి రెండు దర్వాజాలు పెట్టినట్టు, ఏ దర్వాజా నుంచి పోయినా అదే అర్రలోకి పోతాం. రెండు వందల పన్నెండు ఊళ్ల జంటపేర్లను వరుసగా రాసి, వాటన్నిటికీ ఒక్క దెబ్బన లింకులు వేసే పదకొండు వరుసల షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. దాన్ని చూసి సూపరింటెండెంటు ప్రమీలమ్మ, "నూరుద్దీన్ సాబ్, ఊర్లకు నిఖాలు చేస్తున్నవా?" అని పరాచికాలాడింది. ఆ రోజు అతను సంతోషపడ్డాడు. ఈ మధ్య సంతోషపడింది అదొక్కటే గుర్తుంది.

అతను బయటికి వచ్చి చెప్పాడు. "మీ ఊరి నీళ్లు మంచియే అని ఉన్నది."

సాలమ్మ నడుం తిప్పి అతని వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. "మిషన్ మా ఊరికి వచ్చి తాగిందా సారూ?" అని మాత్రం అడిగింది.

గాలయ్య ల్యాబులో గాజుగొట్టాలు కడుగుతున్నాడు. పరీక్షలు చేసేదీ, రిజిస్టరు రాసేదీ అతనే. అడగ్గానే తడిచేతులు ప్యాంటుకు తుడుచుకొని మే నెల పేజీ తీశాడు. ఎర్రబావి, బోరింగు. ఏడు పాయింటు నాలుగు. కింద అతని సంతకం.

"ఒకటిన్నర దాటితే తాగొద్దు. గిది ఏడు దాటింది" అన్నాడు గాలయ్య. "పాత చేదబాయి నీళ్లు మంచియే ఉండె, ఒకటీ రెండు. రెండేండ్లాయె అది ఎండిపోయి. గీ చిట్టీ నేనే రామన్నపేటకు పంపిన, ఆడ ఎక్కియ్యాలెనని. ఎక్కలేదా ఏంది?"

నూరుద్దీన్ వరండాలోకి వచ్చి, రేపు రామన్నపేటకు పోయి చూస్తానని సాలమ్మకు చెప్పాడు. అసలు లిస్టు గురువారం కొడతారు. అంటించింది ముసాయిదానే. ఇంజనీరు సంతకం పడితే ఇక మార్చడానికి ఉండదు. ఇదంతా ఆమె విని, గోడ పట్టుకొని మెల్లగా లేచింది. లేవడానికి చాలాసేపు పట్టింది. నూరుద్దీన్ చేయి అందించబోయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఊరుకున్నాడు.

మంగళవారం రామన్నపేట ఆఫీసులో ఆపరేటరు ఎల్లస్వామి కంప్యూటరు మీది దుప్పటి తీసి, మడతపెట్టి, కుర్చీ మీద వేసుకొని కూర్చున్నాడు. ఇది డాస్ మీద నడిచే చిన్న మిషన్. జిల్లా మిషన్‌లోని ఫైళ్లన్నీ ఏడాది కింద ఫ్లాపీల మీద ఇక్కడికి చేరాయి. ఈ ప్రాంతపు చిట్టీలన్నీ ఇక్కడే ఎక్కిస్తారు. మూడు నెలలకోసారి నూరుద్దీన్ వచ్చి మళ్లీ ఫ్లాపీల మీద నల్లగొండకు తీసుకుపోతాడు.

"ఎక్కియ్యకపోవుడేంది అన్నా? నేనే కొట్టిన. గిదో చూడు." ఎల్లస్వామి ఎర్రబావి తెరిచాడు. ఏడు పాయింటు నాలుగు. తేదీ కూడా సరిగ్గా ఉంది.

"ముర్తుజాపురం తెరువు."

తెరిచాడు. ఒకటి పాయింటు రెండు.

ఎల్లస్వామికి ఇంకా అర్థం కాలేదు. నూరుద్దీన్‌కు అయింది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు, అంతే.

డాస్‌కు లింకు అంటే ఏమిటో తెలియదు. ఏడాది కింద ఫ్లాపీలు చేసేటప్పుడే ఆ సంగతి బయటపడింది. లింకులను ఎక్కించబోతే డాస్ వాటిని ఒప్పుకోలేదు. పేరు ఎనిమిది అక్షరాలు దాటితే కూడా ఒప్పుకోదు, అది వేరే తలనొప్పి. అప్పుడు నూరుద్దీన్ తన స్క్రిప్టును కొంచెం మార్చాడు. యూనిక్స్ మీదైతే లింకు వేయమన్నాడు. డాస్ కోసమైతే, లింకు వేయాల్సిన ప్రతిచోటా అసలు ఫైలుకు కాపీ తీసి పిలుపు పేరు పెట్టేలా ఒక బ్యాచ్ ఫైలును, అంటే డాస్‌కు అర్థమయ్యే స్క్రిప్టును, రాసిపెట్టమన్నాడు. స్క్రిప్టే స్క్రిప్టును రాసింది. ఏ పేరు కొట్టినా ఊరు దొరికింది. అందరూ భేష్ అన్నారు. కానీ అక్కడ ఉన్నవి రెండు దర్వాజాలు కావు, రెండు ఇళ్లు. ఒక ఇంట్లో కొత్త సామాను పెడితే రెండో ఇంటికి తెలియదు.

"నీ లింకే గద అన్నా, ఒకదాంట్ల కొడితే రెండోదాంట్ల పడ్తదనుకున్న" అన్నాడు ఎల్లస్వామి.

"నేను గూడ గదే అనుకున్న."

ఇంకా ఒకటి ఉంది, అది ఎల్లస్వామికి చెప్పలేదు. జూన్‌లో ఇక్కడి నుంచి ఫైళ్లు తీసుకుపోయినప్పుడు నూరుద్దీన్ రికార్డు పేర్లవి మాత్రమే తీసుకుపోయాడు. పిలుపు పేర్లవి ఎట్లాగూ లింకులే కదా, ఫ్లాపీలు దండగ అనుకున్నాడు. లింకులను కాపీలు చేసింది తనే, వాటిని లింకులనుకొని వదిలేసిందీ తనే. ఎర్రబావి ఏడు పాయింటు నాలుగు మూడు నెలలుగా ఈ దుప్పటి కిందే ఉండిపోయింది.

మధ్యాహ్నం దాకా, మధ్యాహ్నం నుంచి సాయంత్రం బస్సు దాకా ఇద్దరూ కూర్చొని ఒక్కొక్క జంటనూ పక్కపక్కన తెరిచి చూశారు. ఎల్లస్వామి చదవడం, నూరుద్దీన్ కాగితం మీద గీత గీయడం. తొమ్మిది ఊళ్లలో తేడా తేలింది. ఎనిమిదింటిలో తేడా వీసమెత్తు, లిస్టుకు ఏమీ కాదు. తొమ్మిదోది ఎర్రబావి. ఆ తొమ్మిది ఫైళ్లనూ ఫ్లాపీ మీద వేసుకొని, ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకొని నూరుద్దీన్ బస్సెక్కాడు. దారి పొడుగునా జేబు మీద చేయి తీయలేదు. తప్పు చేశానన్న బాధ వస్తుందేమోనని చూశాడు. రాలేదు. తప్పు ఎక్కడ జరిగిందో దొరికిందన్న తృప్తి మాత్రం వచ్చింది. దానికి కాస్త సిగ్గుపడ్డాడు.

బుధవారం ఇంజనీరు సారు గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. తన స్క్రిప్టు అనీ, తన తప్పు అనీ చెప్పాడు. చెప్పే ముందు గడప బయట రెండు నిమిషాలు ఆగాడు. అతన్ని ఆపరేటరుగా పర్మినెంటు చేసే కాగితం ఈ బల్ల మీదే, ఆ అట్టల కట్టలోనే ఉంది.

ఇంజనీరు సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గిది కాగితం మీద పెట్టినవనుకో, ఒక్క ఊరు కాదు, మొత్తం ఊర్లు మళ్లీ పరీక్ష చేయమంటరు. పైసలొచ్చిన స్కీము వాపసు పోతది. నీ మీద ఎంక్వయిరీ, నా మీద ఎంక్వయిరీ."

"మరి ఎర్రబావి సార్?"

"నువ్వు చెప్పింది నేను వినలే." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "మిషన్‌ల ఏముండాల్నో అదే ఉండేటట్టు చూసుకొనుడు నీ పని. రేపు పదకొండింటికి మిషన్ ఏ నలభై కొడితే గా నలభై మీద సంతకం పెడ్త. పో."

మంచి మాటో చెడ్డ మాటో నూరుద్దీన్‌కు తేలలేదు. పని మాత్రం తేలింది. గదికి వచ్చి ఫ్లాపీలోని ఎర్రబావి ఫైలును ముర్తుజాపురం మీద వేశాడు. రెండు పేర్లతోనూ తెరిచి చూశాడు. రెండింటిలోనూ ఏడు పాయింటు నాలుగు. మిగిలిన ఎనిమిదీ సరిచేశాడు. తర్వాత స్క్రిప్టును ముందేసుకున్నాడు. డాస్ కోసం కాపీ తీసే వరుసను కొట్టేశాడు. దాని బదులు, పిలుపు పేరు మీద ఒకే ఒక్క వాక్యం ఉన్న చిన్న ఫైలు తయారయ్యేలా రాశాడు: ఈ ఊరు ఫలానా పేరు మీద ఉంది, అక్కడ తెరవండి. లింకు తెలియని మిషన్‌కు మనిషే లింకు కావాలి, వేరే దారి లేదు. మూడుసార్లు నడిపి చూశాడు. ప్రమీలమ్మ వచ్చి, "ఊర్ల నిఖాలు అయినయి, ఇప్పుడు తలాఖులా?" అంది. నవ్వాడు. నవ్వు రావాల్సిన చోట నవ్వడం అతనికి అలవాటే.

గురువారం పదకొండుకు ప్రింటరు మొదలైంది. ఎక్కువ ఫ్లోరైడు ఉన్న ఊరు పైన, తక్కువది కింద, నలభై దగ్గర ఆగిపోవాలి. చప్పుడు చేసుకుంటూ కాగితం మడతలు మడతలుగా బయటికి వచ్చింది. ముర్తుజాపురం మూడో వరుసలో ఉంది. నూరుద్దీన్ కాగితాన్ని చిల్లుల వెంబడి జాగ్రత్తగా చింపి, అంచులు తీసేసి, పాత ముసాయిదా పక్కన పెట్టి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. మూడో వరుస నుంచి ఊళ్లన్నీ ఒక్కో మెట్టు దిగాయి. నలభయ్యో వరుసకు వచ్చేసరికి వేలు ఆగింది. పాతదాంట్లో అక్కడ ఇనాయత్‌పురం ఉంది. నాలుగు పాయింటు మూడు. కొత్తదాంట్లో ఇనాయత్‌పురం లేదు.

స్కీము నలభై ఊళ్లకేనని అతనికి మొదటి నుంచీ తెలుసు. ఒకటి పైకి ఎక్కితే ఒకటి దిగుతుందని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. సోమవారం నుంచి ఎర్రబావి, ముర్తుజాపురం, లింకు, కాపీ, ఇవే తిరిగాయి బుర్రలో. ఈ ముక్క మాత్రం తట్టలేదు. అతను నలభై అన్న చోట నలభై ఒకటి అని కొట్టి తెర మీద మళ్లీ చూశాడు. ఇనాయత్‌పురం కింద మినుకుమినుకుమంటూ ఉంది. ఆ ఊరిలో నాలుగు పాయింటు మూడు తాగేవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా ఈ వరండాలో కూర్చోలేదు. కూర్చొని ఉంటే గుర్తుపట్టేవాడినా అనుకున్నాడు.

"నలభై ఉన్నయా?" అన్నాడు ఇంజనీరు సారు కాగితం చేతికి తీసుకుంటూ.

"ఉన్నయి సార్."

సంతకం అయింది. తప్పు దిద్దడమే చేశాడు, ఎవరికీ అన్యాయం చేయలేదు. ఏడు పాయింటు నాలుగు కన్నా నాలుగు పాయింటు మూడు తక్కువే. ఇలా తనకు తను రెండుమూడుసార్లు చెప్పుకున్నాడు. అన్నీ నిజాలే.

శనివారం సాలమ్మ మళ్లీ వచ్చింది. లిస్టులో ఊరు ఎక్కిందని ఎల్లస్వామి కబురు చెప్పాడట. కొంగులో నాలుగు మక్కకంకులు మూటగట్టుకొచ్చింది. వద్దని అనబోతే, "మా బోరింగు నీళ్లతోని పండినయి కావు, వానకు పండినయి. తిను" అంది. నూరుద్దీన్ తీసుకున్నాడు. ఆమె వరండాలో గోడకు ఆనుకొని కూర్చుంటే, అతను కూడా ఎందుకో పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. ఆఫీసు మెట్ల మీద అలా కూర్చోవడం అతనికి అదే మొదటిసారి.

"మా వాడకట్టుల అందరు నీ పేరే తలుస్తున్నరు సారూ. గీ నడుం ఎట్లాగూ పోయింది. పిల్లలవి పోకుండా ఉంటయి."

"నేను చేసిందేం లేదు. తప్పు పడ్డది, తీసిన."

"గట్లనే అను." ఆమె నవ్వింది. తర్వాత అడిగింది. "నలభయ్యే ఊర్లన్నరు గద. మాది చేరిందంటే ఎవలదో పోయుంటది."

వారం రోజుల్లో ఈ ముక్క ఎవరూ అడగలేదు. ఇంజనీరు సారు అడగలేదు, ప్రమీలమ్మ అడగలేదు.

"పోయింది" అన్నాడు. "ఇనాయత్‌పురం."

"గదెక్కడ? లిస్టు చదివినప్పుడు ఇన్న, ఏడుందో తెల్వది." ఆమె ముఖం కాస్త తేలికపడింది. ఎక్కడుందో తెలియని ఊరు, దూరపు ఊరు అయి ఉంటుంది.

అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ఏ ఊరికైనా రెండు పేర్లూ చెప్పడం నూరుద్దీన్‌కు నోటికి అలవాటైపోయింది. "పాలబండ అంటరు పిలుచుడు" అన్నాడు.

సాలమ్మ అతని వైపు తిరగడానికి నడుం తిప్పబోయి, సగంలో ఆపేసింది.

"మా చిన్నబిడ్డను ఆడికే ఇచ్చిన" అంది చివరికి. "మొన్న ఉగాది ఎల్లినంక. ఎర్రబావి పిల్లంటే ఎవలు చేసుకుంటరు? నాలుగూర్లు తిరిగిన. మా నీళ్ల కన్న పాలబండ నీళ్లు జర నయమన్నరు. గందుకే ఏరి ఏరి ఆడికిచ్చిన."

నూరుద్దీన్‌కు ఏదో అనిపించింది. ఇన్నేళ్ల తర్వాత అది ఏమిటో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. "ఇంకో స్కీము వస్తదంటున్నరు" అన్నాడు. "అర్జీ రాసి పెడ్త. నేనే రాస్త."

"రాయి సారూ."

"అమ్మా, నేను..."

"నువ్వేం జేస్తవు. మాది తీసి గా ఊరు పెట్టుమనేటందుకు నాకు నోరొస్తలేదు. మా వాడల నూటిరవై ఇండ్లున్నయి. గట్లని నా పిల్ల మొగం యాదికి రాకుంటున్నదా?" కొంగు విప్పుకున్న చోట ముడి మళ్లీ బిగించుకుంది. లోపల ఏమీ లేకపోయినా బిగించింది. "బస్సు ఎన్ని గంటలకున్నది?"

"పన్నెండున్నరకు."

"గది పాలబండ మీదికెల్లి పోతదా?"

"పోతది. స్టేజీ కాడ ఆగుతది."

ఆ దారి బస్సులో తను పోయినప్పుడల్లా బిడ్డ స్టేజీ దగ్గరికి వచ్చి నిలబడుతుందని, బస్సు కిటికీలోంచి రెండు మాటలు మాట్లాడుకుంటారని, ఇవాళ కూడా వస్తానని కబురు పంపిందని, ఎవరూ అడగకుండానే ఆమె మెల్లగా చెప్పింది.

"ఇంకో బస్సు లేదా సారూ? పాలబండ తాకకుంట పోయేది?"

"ఉన్నది. భువనగిరి దిక్కు తిరిగి పోతది. కానీ అది బయలెల్లేసరికి మూడు దాటుతది."

"కానియ్యి. గాదాంట్ల పోత" అంది సాలమ్మ, కాళ్లు చాపుకొని గోడకు ఆనుకుంటూ.